చెట్టెక్కే బెల్టుకు పూజ

మా మామ చెట్టు మీద నుంచి పడిన కథ ఆయన నోట వింటే చెట్టే ఆయన్ని తోసిందనిపిస్తుంది. నిజానికి పోయిన ఏడాది ఒక సాయంత్రం మంచె దిగుతూ కాలు జారి, మడమ ఎముక విరగ్గొట్టుకుని, చుట్టూ తమిళమే వినిపించే మా ధర్మపురిలో ఆసుపత్రి మంచమెక్కాడు. చూడవచ్చిన వాళ్ళందరికీ పడిన ఎత్తు కొంచెం కొంచెం పెంచి చెప్పాడు. ఇంటికొచ్చేసరికి అది కొబ్బరిచెట్టంత అయింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. నల్లంపల్లి దాటాక, హైవే మీద లారీల మోత వినపడేంత దూరంలో ఆయన వేరుశనగ చేను. ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క గుట్ట. కాయ ఊరే రోజుల్లో గుట్ట మీంచి అడవిపందులు దిగుతాయి. చేను గట్టున ఉన్న చింతచెట్టు మీద మంచె కట్టుకుని మామ కాపలా కాస్తాడు. మా ముత్తాతలు అదే చెట్టెక్కి పందుల్ని వేటాడేవాళ్ళట. ఇప్పుడు వేటాడితే జైలు. అందుకని మామ దగ్గర ఉండేది టార్చిలైటు, ఒక రేకు డబ్బా, దాన్ని కొట్టడానికి కర్ర. ఈ సంగతి పందులకు కూడా తెలుసని నా అనుమానం.

ఈ ఏడు మళ్ళీ మంచె మాట ఎత్తగానే అత్త అన్నం గిన్నె కింద పెట్టేసింది. ఇంకోసారి పడితే మడమతో పోదని, నడుం విరిగితే తానొక్కతే మనిషినీ చేనునూ ఎత్తలేనని చెప్పింది. చెట్టు కొట్టించేస్తానంది. మామ చెట్టు తరఫున మాట్లాడాడు. నేను మధ్యలో దూరి, పరదేశాల్లో వేటగాళ్ళు చెట్టెక్కేటప్పుడు కట్టుకునే బెల్టు ఒకటి ఉంటుందని, ఫోనులో ఆర్డరు పెడితే ఇంటికే వస్తుందని చెప్పాను. ధర్మపురిలో బైకుల షోరూములో పని చేసేవాణ్ణి కాబట్టి భద్రత విషయంలో ఇంట్లో నా మాటకు విలువ. హెల్మెట్లు అమ్ముతాను. పెట్టుకోను, అది వేరే సంగతి.

బెల్టు వచ్చింది. భుజాలకు రెండు పట్టీలు, రొమ్ముకు ఒకటి, తొడలకు రెండు, వీపు నుంచి వేలాడే గట్టి నైలాన్ పట్టీ ఒకటి. దాంతోపాటు పొడుగాటి తాడు. తాడును చెట్టు మొదలు నుంచి మంచెకు పైనున్న కొమ్మ దాకా బిగించి కట్టాలి. దాని మీద ఒక జారుముడి ఉంటుంది. వీపు పట్టీని ఆ ముడికి తగిలించుకుని, ఎక్కుతూ ముడిని పైకి తోసుకుంటూ పోవాలి. మనిషి జారితే ముడి బిగుసుకుని పట్టుకుంటుంది. కాగితంలో రాసింది ఇంగ్లీషు. నేను చదివి ఇంటి తెలుగులో చెప్పాను. నేల వదిలినప్పటి నుంచి నేల తాకేదాకా తగిలించే ఉండాలి. పడేవాళ్ళలో ఎక్కువమంది మంచె మీద కూర్చుని పడరు, ఎక్కుతూ దిగుతూ పడతారు. పట్టీ కోసుకుపోయినా, పీచులేచినా, కాలినా వాడకూడదు, పారేయాలి. అత్త అన్నింటికీ తల ఊపింది.

ఇబ్బందులు రెండు వచ్చాయి. మొదటిది, పడకుండా చెట్టెక్కాలంటే ముందు ఒకసారి చెట్టెక్కి తాడు కట్టి రావాలి. ఆ మొదటిసారికి ఏం కట్టుకోవాలో కాగితంలో లేదు. పక్క చేను అన్న దగ్గర చింతకాయలు దులిపే పొడుగాటి వెదురు నిచ్చెన తెచ్చి, నేనే వణుకుతూ ఎక్కి కట్టి వచ్చాను. నిచ్చెన ఇక్కడే ఉంచుకుందామంటే మామ ఒప్పుకోలేదు. చెట్టెక్కడానికి నిచ్చెన వేసుకుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు ఏమనుకుంటారట. ఆ రోడ్డు మీద పోయేవి టమాటా లారీలు. వాటికి మా మామ సంగతి పట్టదు. అయినా నిచ్చెన వాపసు పోయింది. రెండోది లుంగీ. తొడల పట్టీలకూ లుంగీకీ పడదు. చివరికి నేను స్కూల్లో ఫుట్‌బాల్ ఆడిన నిక్కరు తొడుక్కుని, జీవితంలో ఓడిపోయినవాడిలా మామ బయటికొచ్చాడు.

మా ఇళ్ళలో కొత్త బండి వస్తే పూజ చేయకుండా కదలనివ్వరు. బండికైతే ముందు నిలబడి కర్పూరం వెలిగిస్తారు. బెల్టుకు ముందు ఏదో, వెనక ఏదో తెలియలేదు. నేను నిచ్చెన వాపసు ఇవ్వడానికి పోయిన కాసేపట్లో అత్త దాన్ని చాప మీద చుట్టగా పెట్టి, పసుపు కుంకుమలు పెట్టి, మధ్యలో తమలపాకు వేసి, దాని మీదే కర్పూరం వెలిగించింది. నేను తిరిగొచ్చేసరికి బెల్టు పెళ్ళికూతురిలా ఉంది. ఒక్కొక్క పట్టీ లాగి చూశాను. అంతా పసుపే. బాగుందన్నాను.

మామ ఎక్కేముందు అత్తతో, పైకి పోయి రెండు చేతులూ వదిలేసి గాల్లో వేలాడి చూపిస్తానని, అప్పుడైనా ఆ మొహం మార్చుకొమ్మని చెప్పాడు. అత్త మొహం మారలేదు. ఆయన ఎక్కడం మొదలుపెట్టాడు.

మా వైపు ఒక కట్టుబాటు ఉంది. మనిషి చెట్టు మీద ఉంటే కింద ఉన్నవాళ్ళు అతన్ని పిలవకూడదు. పిలిస్తే కిందికి చూస్తాడు, చూస్తే జారతాడు. 'పదిలం' అన్నా దోషమే. పోయిన ఏడు రోడ్డు మీంచి ఎవరో కేకేశారు కాబట్టే మామ పడ్డాడని అత్త నమ్మకం. తన కాలి తప్పు కాదంటే మామకూ అదే నమ్మకం. అందుకని ఇద్దరమూ నోరు మూసుకుని నిలబడ్డాం. ముడి తోస్తాడు, కాలు పెడతాడు, మళ్ళీ తోస్తాడు. నాకు ఊరికే నిలబడబుద్ధి కాక, అత్త పూజ సామాను సర్ది చెట్టు మొదట్లో పెట్టిన పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను. అందులో కర్పూరం వెలిగించిన తమలపాకు నడుమ బొక్క పడి ఉంది. దాని అంచున నల్లగా, గట్టిగా, ముత్యంలా ఏదో అంటుకుని ఉంది. గోటితో గీకాను. కర్పూరం కాదు. ప్లాస్టిక్.

అత్త నా చెవి దగ్గర గుసగుసగా అంది. "కొంచం మాడింది. పసుపు రాసినాను."

"ఏది మాడింది అత్తా?"

"వీపున ఉండేది. చేయి కాలితే రాస్తాము గదా, అట్లే రాసినాను."

కాలిన చోటు పసుపు కింద ఉంది. నేను లాగి చూసి బాగుందన్నది దాన్నే. ఆ పట్టీ మామను తాడుకు కలిపే పట్టీ. దాన్ని నమ్మి ఇంకాసేపట్లో రెండు చేతులూ వదలబోతున్నాడు. నోరు తెరిచాను. అత్త అరచేత్తో నా నోరు మూసింది. పైన మామ ఒక కాలు మంచె మీద, ఒక కాలు కొమ్మ మీద పెట్టి ఉన్నాడు. ఎక్కుతూ దిగుతూ పడతారని కాగితం చెప్పిన చోటు అదే. పిలిస్తే చూస్తాడు. పిలవకపోతే వదులుతాడు. అడుగు ముందుకు వేశాను, వెనక్కి వేశాను. దానివల్ల చెట్టుకుగానీ మామకుగానీ ఒరిగిందేమీ లేదు.

ఆయన రెండో కాలు కూడా మంచె మీద పెట్టేదాకా ఆగి, ఫోను చేశాను.

మామ ఫోను వస్తే నిలబడి మాట్లాడడు. పైన మోగింది. ఆయన కొమ్మ పట్టుకుని మెల్లగా మంచె మీద చతికిలబడి, నిక్కరు జేబులోంచి తీశాడు.

"ఎవరూ?"

"నేనే మామా. కింద ఉండాను."

"కింద ఉంటే ఫోనెందుకురా?"

"చేతులు వదలొద్దు. వీపు పట్టీ మాడింది. కర్పూరం తగిలింది."

మామ ఒక చెయ్యి వెనక్కి పెట్టి వీపు పట్టీ తడుముకున్నాడు. తర్వాత, "మీ అత్తకియ్యి" అన్నాడు.

అత్త ఫోను తీసుకుంది. పైకి చూడకుండా, చెట్టు వేళ్ళకేసి చూస్తూ మాట్లాడింది. మామ గొంతు నాకు పైనుంచీ వినిపించింది, ఫోనులోనూ వినిపించింది.

"దానికి పూజ ఎందుకే చేసినావు?"

"నువ్వు పడకూడదనే" అంది అత్త. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "కదలద్దు. వాడు నిచ్చెన తెస్తాడు" అంది.

తెచ్చాను. పక్క చేను అన్న కూడా వచ్చాడు, ఒక్క ప్రశ్నా అడగలేదు, నిక్కరు వైపు మాత్రం చాలాసేపు చూశాడు. ఇద్దరం నిచ్చెన పట్టుకున్నాం. మామ ఒక్కో మెట్టూ దిగాడు. రోడ్డు మీద టమాటా లారీ ఒకటి పోయింది. ఆయన దానికేసి చూడలేదు. కాలు నేలకు ఆనాక గానీ అత్త ఊపిరి వదల్లేదు. వదిలాక మాత్రం, అంతసేపూ దాచుకున్న మాటలన్నీ వరసగా వచ్చాయి. బెల్టు చేసినవాణ్ణీ, ఆర్డరు పెట్టిన నన్నూ, పందుల్నీ ఎవర్నీ వదల్లేదు. తనను తాను మాత్రం అనుకోలేదు. మేమూ అనలేదు.

మామకు ఇంకా నమ్మకం కుదరలేదు. పట్టీని చెట్టు మొదలుకు చుట్టి, పసుపు తుడిచి చూశాడు. వేలి గోరంత మేర నున్నగా, గాజులా మెరుస్తూ ఉంది. ఆయనా నేనూ కాళ్ళు తన్నిపెట్టి లాగాం. తెగలేదు. పక్క చేను అన్న కూడా పట్టాడు. ముగ్గురం లాగినా తెగలేదు.

"చూసినావా" అన్నాడు మామ నాతో. "గట్టిగానే ఉంది. చుమ్మా, ఊరికే భయపెట్టినావు."

 లాగితే తెగనిది కూడా మనిషి పడే ఊపుకు తెగొచ్చు, కాలితే పారేయమనే కాగితంలో ఉందిగానీ, ముగ్గురు మగవాళ్ళు లాగి తెగనిదాన్ని ఒక కాగితం పేరు చెప్పి పారేయమంటే మా ఊళ్ళో ఎవరూ పారేయరు. మామ అప్పుడే దాన్ని మడిచి భుజాన వేసుకుంటున్నాడు. అత్త వచ్చి దాన్ని ఆయన భుజం మీంచి లాక్కుంది. గట్టున ఉన్న కొడవలి తీసింది. పూజ చేసినదాన్ని కోయకూడదని మామ అంటూనే ఉన్నాడు. ఆమె సరిగ్గా ఆ మెరిసే చోటే పెట్టి, రెండు మూడుసార్లు గట్టిగా రాసి, కోసేసింది.

"ఇప్పుడు తెగింది" అంది. "ఇంగ దీన్ని ఎవరూ నమ్మరు."

కొత్త పట్టీ వచ్చేదాకా మామ గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కాపలా కాశాడు. కుర్చీలోంచి పడడం ఆయనకు కూడా కష్టమే. నేల మీద మనిషిని చూసి పందులు భయపడలేదు. గుట్ట పక్కన ఒక మూలంతా తవ్విపోయాయి. పొద్దున్నే అత్త పోయి ఆ మూల చూసి వచ్చింది. మామ తల వంచుకుని తింటున్నాడు. పోయింది చెనక్కాయలే కదా అని, ఆయన పళ్ళెంలో ఇంకో దోసె వేసింది.