కాటా గది నంబరు

ఆ రోజుల్లో ప్రమాదమంటే పెద్ద చప్పుడు చేసుకుంటూ వస్తుందనుకునేదాన్ని. నా దగ్గరికి మాత్రం అది గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని వచ్చింది. "మీరు పనిలో ఉన్నట్టున్నారు, మరేం తొందర లేదమ్మా. కాటా పనిచెయ్యడం లేదండి. బయట ఆరు లారీలు ఆగిపోయేయి" అన్నారు లారీలు తూచే కాటా చూసుకునే బాబాయిగారు. (తొందర లేదట!) సరిగ్గా పది నిమిషాల క్రితమే నేను మా క్లౌడ్ ఆన్ చేశాను.

అంబాజీపేటలో ఒక కొబ్బరి కంపెనీలో నా మొదటి ఉద్యోగమది. "మన కాయితాలు ఎవరి కంప్యూటర్లలోనో దాచుకోవడమేంటి?" అని మా పెద్దాయనగారు ఏసీ గదిలో నాలుగు సర్వర్లు పెట్టించి, సొంత క్లౌడ్ తయారుచెయ్యమన్నారు. ఒక్కో సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో పుట్టే కంప్యూటర్లు బోలెడుంటాయి. వాటిని గెస్టులంటారు. ఇళ్ళకి డోర్ నంబర్లలాగా వాటికీ నెట్‌వర్క్‌లో నంబర్లు కావాలి, ఒకే నంబరు రెండింటికి ఉండకూడదు. ఆ ప్లాను గీయడం నా పని. కుదిరితే నెలాఖరుకి ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి.

నేను బుద్ధిగా పుస్తకం పట్టుకుని గదిగదికీ తిరిగి, "ఈ నంబరు మీరు వాడుతున్నారా అండీ?" అని అడిగాను. "వాడుతున్నామనుకోండి. అయినా కొత్తగా వచ్చేరు, మీరడిగితే కాదంటామా? తీసేసుకోండమ్మా, మేం ఎలాగోలా సర్దుకుంటాం" అన్నారు కాటా బాబాయిగారు. పైగా బోండం కొట్టించి ఇచ్చేరు. గేటు కెమెరా చూసే మావయ్యగారూ అంతే, "మాదేముందండీ!" నేను (ఇంజినీరింగు ఫస్టు క్లాసు) బోండం తాగుతూ అందరి పేర్లకీ ఎదురుగా 'ఖాళీ' అని రాసుకున్నాను. మనుషులు సర్దుకుంటారు గానీ మిషన్లు సర్దుకోవని నాకు తట్టనేలేదు. ఆన్ చేయగానే నా గెస్టొకటి వెళ్ళి కాటా కంప్యూటరు నంబర్లో దర్జాగా కూర్చుంది.

పెద్దాయనగారు రానే వచ్చేరు. "ఏమ్మా, చుట్టాల్ని పిలిచి ఇంట్లోవాళ్ళని వీధిలో నిలబెట్టేవా?" "తప్పు నాదండి, నంబరిచ్చింది నేనే" అన్నారు బాబాయిగారు. "కాదండీ, ముందు నేనే ఇచ్చేను" అన్నారు గేటు మావయ్యగారు. "తప్పు దగ్గర కూడా మర్యాదలేంటయ్యా!" అని పెద్దాయనగారు తల పట్టుకుని, నవ్వు ఆపుకోలేక బయటికి నడిచేరు. నేను గెస్టులన్నింటినీ ఆపేసి, పాత నంబర్ల జోలికి పోకుండా వాటికంటూ వేరే వరస ఇచ్చాను. సాయంత్రానికి లారీలు కదిలాయి, నెలాఖరుకి ఉద్యోగం నిలిచింది. బాబాయిగారు మాత్రం కాటా గది గోడమీద తన నంబరు ఎర్ర పెయింటుతో రాయించి, కింద 'ఇది మాదండీ, ఏమీ అనుకోకండి' అని చేర్పించేరు.

నిన్న మా అమ్మాయి బడి నుంచి నిలువునా తడిసొచ్చింది. గొడుగేదంటే, "ఇది నీదా అని ఒక అక్క అడిగిందమ్మా. ఫర్లేదు, తీసుకోండి అన్నాను" అంది. రాత్రి దాని నుదురు ఎన్నిసార్లు తడిమి చూశానో! పొద్దున్నే పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి కాటా గది కథంతా చెప్పాను. "ఇది మీదా అని ఎవరైనా అడిగితే 'నాదేనండీ' అనండి. అండీ మానక్కర్లేదు, 'నాదే' మాత్రం మింగెయ్యకండి" అన్నాను.

మావాడు శ్రద్ధగా విని, నా కంచంలోకి చూసి, "అమ్మా, ఆ పెసరట్టు నీదా?" అన్నాడు.

"నాదేముందిరా, తీసుకో" అన్నాను.