పేరులేని డబ్బా

మందుల షాపాయనది చల్లటి మాట. మొహం నిండా మొటిమలతో ఏ పదిహేనేళ్ల పిల్లో తలొంచుకుని మెట్టెక్కితే చాలు, డాక్టరు ఫీజుకి ఏడాది క్రీము వస్తుందమ్మా అంటూ చిన్న డబ్బా చేతిలో పెట్టేవాడు. దానికి పేరుండదు, లేబులుండదు. మధ్యాహ్నం బేరాల్లేని వేళ తెర వెనక కూర్చుని, మూడు రకాల ట్యూబులు పిండి, ఐస్‌క్రీం పుల్లతో కలిపి నింపేవాడు. పేరు తెలిస్తే జనం ఇంకో షాపులో కొనుక్కుంటారని ఆయన భయం. ఆ మూడింట్లో ఒకటి స్టెరాయిడ్. రాసినన్నాళ్లూ మొహం నున్నగా ఉండేది, మానగానే ఇదివరకటికి రెండింతలు పొక్కేది. పిల్లలు మళ్లీ ఆయన దగ్గరికే పరుగెత్తేవారు. ఇంత పాడు వ్యాపారం చేసేవాణ్ణి వీధి వీధంతా క్రీము మామయ్యా అని నెత్తిన పెట్టుకుంది.

ఆయన కూతురికీ మొటిమలొచ్చాయి. ఆ పిల్లకి మాత్రం మామూలు సబ్బు, చవక జెల్ ఒకటి ఇచ్చాడు. రాత్రిపూట పల్చగా రాయి, గిల్లకు, రెండు నెలలు ఓపిక పట్టు అన్నాడు. పిల్లకి ఒళ్లు మండింది. ఊరందరికీ వారంలో తగ్గించేవాడికి కన్నకూతురంటే ఇంత చులకనా అనుకుంది. డబ్బా అడిగితే కసిరాడు, ఎందుకివ్వడో చెప్పలేదు. ఆ పూట నుంచి తండ్రి మొహం చూడాలన్నా ఆమెకు అసహ్యం.

ఎదురింటి పిల్లని పంపించి డబ్బా తెప్పించుకుంది. వారం తిరక్కుండానే బుగ్గలు నున్నబడ్డాయి. తన జెల్లే పనిచేసిందనుకుని ఆయన మురిసిపోయాడు. అక్కడితో ఊరుకుంటే ఆయనెందుకవుతాడు? సాయంత్రాలు కూతుర్ని కౌంటరు దగ్గర నిలబెట్టి, మా అమ్మాయి రాసేదీ ఈ క్రీమేనని వచ్చినవాళ్లకల్లా చూపించాడు. అబద్ధమాడుతున్నానని ఆయన అనుకున్నాడు. కూతురు లోలోపల నవ్వుకుంది.

కొన్నాళ్లకి ఎదురింటి పిల్లతో మాటలు పోయాయి, డబ్బా రావడం ఆగింది. కూతురి మొహమంతా ఎర్రగా కమిలి, చీముపొక్కులు లేచి, నీళ్లు తగిలినా భగ్గుమంది. ఆ మొహంతోనే, షాపు నిండా జనం ఉన్నప్పుడు వచ్చి నిలబడింది.

"ఏం రాశావే?" అన్నాడాయన.

"నువ్వు అందరికీ ఇచ్చేదే."

ఆయన మొహం పాలిపోయింది. కోపంలో ఒళ్లు మరిచాడు. "బుద్ధుందా నీకు? ఇంట్లో పిల్లలకి రాసేదా అది?"

కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన ఒకావిడ, అప్పుడే చేతిలోకి తీసుకున్న డబ్బాని కౌంటరు మీద పెట్టేసింది.

"మా పిల్ల కూడా ఇంట్లో పిల్లేనండీ," అంది.

ఆయన లోపలికెళ్లమని కూతురికి సైగ చేశాడు. ఆమె వెళ్లలేదు. స్టూలు లాక్కుని గుమ్మం పక్కనే, దీపం వెలుగు సరిగ్గా మొహం మీద పడేలా కూర్చుంది.

"లోపలికి పో. అందరూ చూస్తున్నారు," అన్నాడు గొంతు తగ్గించి.

"మొన్నటిదాకా నువ్వే చూపించావుగా నాన్నా. ఇవాళా చూడనీ."

షట్టరు దించేదాకా అక్కడి నుంచి కదల్లేదు. మొటిమల పిల్లలు మెట్టెక్కడం, ఆమెను చూడటం, ఏ తలనొప్పి మాత్రో అడిగి వెళ్లిపోవడం.