గీ చెయ్యి ఎవలది

మా పిల్లలకు పసితనంలో నీళ్లు పోసిన అవ్వ మొన్న కోదాడలో, కూతురి ఇంట్లో కన్నుమూసింది. కబురు విని ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా కుడిచెయ్యి ఎడమచేతిని గట్టిగా పట్టుకొని ఉంది. ఆ అలవాటు ఆమె చేసిందే.

సూర్యాపేటలో మా వీధి చంటిపిల్లలందరికీ నీళ్లు పోసేది ఆమే. చాపిన కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టి, నువ్వులనూనె రాసి, చివర్లో రెండు చేతులూ గుండె మీద అడ్డంగా మడిచి “గిది నీది, గిది గూడ నీదే” అనేది. అదేదో ముద్దుమాట అనుకునేదాన్ని.

మూడేళ్ల కింద, రోజూ వెళ్లొచ్చే మిర్యాలగూడ బడిలో పాఠం చెబుతూ పడిపోయాను. పక్షవాతం. దవాఖానలో తెలివి వచ్చాక, ఎవరిదో చెయ్యి నా పక్కలో పెట్టారని, తీసెయ్యమని నర్సు మీద అరిచానట. ఆ ఎడమచెయ్యి నాదేనని ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా నమ్మకం కుదరలేదు. లెక్కల టీచర్ని, నాకు చేతులెన్నో నాకే తేలలేదు.

నన్ను ఇంటికి తెచ్చాక, సంగతి విని అవ్వ నూనెగిన్నెతో వచ్చింది. అందరిలా నవ్వలేదు, నచ్చజెప్పలేదు.

“మూన్నెల్ల పిల్లకు గూడ తెల్వది బిడ్డా. పట్టుకొని, ఆడిచ్చి, నోట్ల పెట్టుకొని తెలుసుకుంటది” అంది.

ఇక రోజూ వచ్చేది. తను నూనె రాసే ముందు నా కుడిచేత్తో ఎడమచేతికి నన్నే రాయమనేది. విసుక్కుంటే ఒకటే మాట: “నేను పట్టుకుంటే నొప్పి వోతది. నువ్వు పట్టుకుంటే నీదైతది.” ఆ తర్వాత నా రెండు చేతులూ చాటకు పట్టించి బియ్యం చెరిగించేది. సగం నేలపాలయ్యేవి. ఏరడం కూడా నా పనే. వెళ్లేముందు “గీ చెయ్యి ఎవలది?” అని అడిగేది. నేను మొహం తిప్పుకునేదాన్ని. సరే, రేపొస్తానని లేచేది.

నెలలు గడిచాయి. ఒకరోజు చాట అంచు గీరుకొని ఎడమచేతి వేలు చురుక్కుమంది. ఆమె అడగకముందే “నా చెయ్యి” అన్నాను. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ ఒక్కరోజు బియ్యం తనే ఏరింది.

నేను కోదాడ చేరేసరికి చివరి స్నానానికి నీళ్లు తోడారు. అంతమంది పిల్లల్ని తడిమిన మనిషి కదలకుండా పడుకొని ఉంటే దుఃఖం ఆగలేదు. చెంబు ఎడమచేత్తో అందుకున్నాను. పట్టు చాలక సగం నీళ్లు నా పాదాల మీదే పడ్డాయి.

ఒళ్లు తుడిచాక చూస్తే, ఆమె చేతులు రెండూ ఎవరివో అన్నట్టు పక్కలకు జారి ఉన్నాయి. ఆమె కుడిచేతిని ఎత్తి ఆమె ఎడమచేతి మీదే పెట్టి, రెండూ గుండె మీద అడ్డంగా మడిచాను.

“గిది నీది అవ్వా” అన్నాను. “గిది గూడ నీదే.”