పసుపు దారం, ముప్పై రెండు అంగుళాలు

మొన్న బుధవారం మా తమ్ముడి కోడలు స్వాతి నన్ను నిజామాబాద్ తీసుకుపోయింది. అక్కడ ఒక ఫంక్షన్ హాల్లో వంటింటి సామాను, స్నానాల గది సామాను ప్రదర్శన పెట్టారు. లోపల అడుగుపెట్టగానే కోసిన ప్లైవుడ్డు, జిగురు, కొత్త రబ్బరు కలిసిన వాసన వచ్చి, ఏసీ చల్లదనంలో ఎటూ పోకుండా ముక్కు దగ్గరే ఆగిపోయింది. ముప్పై ఏడు స్టాళ్లు లెక్కపెట్టాను. ఒక్కదాంట్లోనూ తడి సిమెంటు వాసన లేదు. నేను చిన్నప్పుడు చూసిన ప్రదర్శనల్లో ముందు ఆ వాసన వచ్చేది, ఆ తర్వాతే సామాను కనబడేది.

మొదటిసారి నేను అలాంటి ప్రదర్శనకు పోయింది 1970 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన పదో రోజు, శనివారం. అప్పటికి నాకు పదేళ్ల నాలుగు నెలలు. బాన్సువాడ బస్టాండుకు ఎనభై అడుగుల దూరంలో మా నాయినకు ఇనుము, సిమెంటు దుకాణం ఉండేది. దానిలో తలుపు బందులు, గొళ్లేలు, బావి గిలకలు, నార తాళ్లు, అలిసెనూనె డబ్బాలు, మేకులు పోసిన తొమ్మిది చెక్క అరలు ఉండేవి. చెరకు కొట్టే రోజుల్లో బీర్కూర్ నుంచి వచ్చే బండ్లవాళ్లు బెల్లం ముక్క చప్పరిస్తూ తాళ్లు బేరం చేసేవాళ్లు, మద్నూర్ దిక్కు పోయే లారీలవాళ్లు మరాఠీలో గొలుసులు అడిగేవాళ్లు, నాయిన మరాఠీలో ధర చెప్పి తెలుగులో నవ్వేవాడు. ప్రతి చలికాలం పట్నం నుంచి ఆయనకొక కార్డు వచ్చేది, ఇళ్లు కట్టే సామాను ప్రదర్శనకు రమ్మని. మా వైపు జనానికి ఏ ప్రదర్శనైనా నుమాయిషే. నాయిన ఒక్కడే పోయి, రెండో రోజు సాయంత్రం సంచీ నిండా రంగు కాగితాలు, పింగాణీ పలకల ముక్కలు పట్టుకొచ్చేవాడు. ఆ పలకల ముక్కలతో మేము తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. నున్నగా జారే ఆ బిళ్ల ముందు వీధిలో ఎవరి పెంకూ నిలబడేది కాదు.

ఆ ఏడు నన్ను తీసుకుపోవడానికి కారణం మా అమ్మ మోకాలు.

అరవై తొమ్మిది దసరాకు ముందు, సెప్టెంబరు చివరి వారంలో, అమ్మ బావి గట్టు మీద జారి పడింది. దవాఖానలో పదకొండు రోజులు కట్టు ఉంచారు. కట్టు విప్పిన తర్వాత నడవగలిగింది, నిలబడగలిగింది, కాని కింద కూర్చోలేకపోయింది. కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో వంట కింద కూర్చొని చేసేదే. నాయిన తల్లిని మేమంతా అవ్వ అనేవాళ్లం. మట్టిలో ఇటుకలు పేర్చి, పేడతో అలికిన ఆ జంట పొయ్యిని అవ్వే తన చేతులతో వేసింది, నాయిన పుట్టిన ఏడు. రోజూ తెల్లవారి దాన్ని అలికి, నాలుగు గీతల ముగ్గు పెట్టి, ఎసట్లో పోసే బియ్యంలోంచి నాలుగు గింజలు నిప్పులో వేసేది. అయితే అరవై ఎనిమిదేళ్ల వయసులో తొమ్మిది మందికి రెండు పూటలా వండడం ఆమెతో కాలేదు. బీర్కూర్‌లో ఉండే మేనత్త పొద్దున బస్సుకు వచ్చి వండిపెట్టి సాయంత్రం బస్సుకు పోయేది. ఉగాది తర్వాత తన ఇల్లు తనకుంది, ఇక రాలేనని ముందే చెప్పింది.

ఒక మధ్యాహ్నం అన్నాలు తింటుండగా అవ్వ తన ఆలోచన బయటపెట్టింది. అమ్మను మోకాలు బాగయ్యేదాకా పెద్ద కొడప్‌గల్‌లో తల్లిగారింటికి పంపాలి. పొయ్యి దగ్గరికి నేను రావాలి.

"గీ పోరి ఉన్నది గద," అంది నన్ను చూపించి. "బడి గొడవలతోని నిరుడంత నడవనే లేదు. ఇగ నడిస్తె మాత్రం ఏంది?"

ప్రత్యేక రాష్ట్రం గొడవల వల్ల మా బడి నెలల తరబడి మూతపడిన మాట నిజమే. కాని అప్పటికి తెరిచారు. నేను ఐదో తరగతిలో ఉన్నాను, లెక్కల్లో నాకు తప్పు పోయేది కాదు.

అమ్మ గోడకు ఆనుకొని నిలబడి తింటున్నది. తాను నిలబడి వండుతానని, పట్నంలో నిలబడి వండే గద్దెలు అమ్ముతారని నాయిన తెచ్చిన కాగితాల్లో చూశానని చెప్పింది. అవ్వ ఒప్పుకోలేదు.

"నిలవడి వండితె ఇంట్ల లచ్చిమి గూడ నిలవడ్తది. నిలవడ్డ లచ్చిమి ఎంతసేపు ఉంటది?"

"కూసున్న లచ్చిమిని లేపెటోళ్లు గావాలె గద అత్తమ్మా," అంది అమ్మ.

నాయిన నవ్వు ఆపుకొని చెయ్యి కడుక్కున్నాడు. ఆ వారమే కార్డు వచ్చింది. ఉగాది లోపల గద్దె వస్తే అమ్మ వండుతుంది, నేను బడికి పోతాను. రాకపోతే అవ్వ చెప్పినట్లు. అంతే ఒప్పందం.

కొలత నేనే తీశాను. అమ్మ నేల మీద సూటిగా నిలబడి, మోచేతులు వంచి, కూరగాయ తరిగేటప్పుడు చెయ్యి ఎక్కడుంటే హాయిగా ఉంటుందో అక్కడ ఉంచింది. నేల నుంచి ఆమె అరచేతిదాకా దారం పట్టి ముడి వేశాను. అవ్వ వ్రతాల కోసం ఎనిమిది పోగులు కలిపి పేనిన కోరా నూలు దారం అది. నా బడి స్కేలుతో కొలిచాను: రెండు స్కేళ్లు, ఎనిమిది అంగుళాలు. ముప్పై రెండు. పలక వెనక రాసుకున్నాను.

మా ఇంట్లో కొత్త పనికి తెల్ల దారం గడప దాటకూడదు. ఇష్టం లేకపోయినా అవ్వ ఆచారం తప్పలేదు. దారాన్ని పసుపు నీళ్లలో ముంచి, పిండి, దండెం మీద ఆరవేసి, ప్రయాణం నాటి పొద్దున నా చేతికి ఇచ్చింది. చేతికే చుట్టుకొని పోయాను. దారిలో తినడానికి జొన్న రొట్టెలు, నువ్వుల పొడి, మిగిలిన సకినాలు ఇరవై రెండు. బస్సు ఆరింటికి బయలుదేరి పన్నెండు దాటాక పట్నం చేరింది.

మైదానమంతా డేరాలు. నేల మీద నీళ్లు చల్లి, ఆ తడి మీద సిమెంటు దుమ్ము పడి, మొదటి వాన పడ్డ ఇంటి గోడలాగా వాసన. ఒకచోట తొట్టిలా ఉన్న తెల్ల పింగాణీ పాయిఖానకు బంతిపూల దండ వేసి పెట్టారు. అది ఏమిటో తెలియక ఒక ముసలమ్మ దండం పెట్టుకుంది. తెలిసినవాళ్లు పక్కకు తిరిగి నవ్వుకున్నారు. ఇంకోచోట అద్దాల గదిలో పైనుంచి నీళ్లు జల్లుగా పడుతూనే ఉన్నాయి. కింద నిలబడి స్నానం చేసేవాళ్లు ఎవరూ లేరు. మా బావిలో నీళ్లు చేదే చేతులు గుర్తొచ్చి, ఎన్ని బిందెలు పోతున్నాయో లెక్కపెట్టాను. నూరు దాటాక నాయిన చెయ్యి పట్టి లాగాడు. పలకల డేరాలో ఒకాయన పింగాణీ పలక మీద బూటుకాలితో ఎగిరి దూకి, పగల్లేదని చూపించేవాడు. ప్రతి అరగంటకూ దూకేవాడు, ఒకసారి పగిలింది కూడా. మిర్చీల నూనె వాసనలో వార్నీషు వాసన కలిసి వస్తున్నది.

గద్దెలు పోతపోసే డేరా చివరన ఉంది. తెల్ల గడ్డం ఉన్న ముసలాయన ఒకరు మొజాయిక్ పలకకు నీళ్లు కొట్టి రాయితో రుద్దుతున్నాడు. నాలుగు కాళ్లు, పైన నున్నటి పలక, పక్కనే గిన్నెలు కడిగే తొట్టి. ఎత్తు చెబితే కాళ్లు ఆ ఎత్తుకు పోసి, నెల తిరిగేసరికి లారీలో పంపుతామన్నాడు. నేను చేతికున్న దారం విప్పి ఇచ్చాను. టేపు పెట్టాడు.

"ముప్పై."

"ముప్పై రెండు," అన్నాను.

నాయిన నా తల మీద చెయ్యి వేసి, నా స్కేలు చివర విరిగిందని ఆయనకు చెప్పాడు. నిజమే. తమ్ముడు దాంతో గిల్లీదండ ఆడి ఒక కొస పోగొట్టాడు. విరిగిన కొసను వదిలేసి ఒకటో అంకె నుంచి కొలిచి, తగ్గిన అంగుళాన్ని లెక్కలో సరిచేశానని నాకు గుర్తుంది, కాని రెండో స్కేలుకు కూడా అలాగే చేశానా అని అనుమానం వచ్చింది.

ముసలాయన దారం వేళ్ల మీద సాగదీసి చూశాడు. "దారం గుంజితె సాగుతది, తడిస్తె ముడుచుకుంటది బేటా. కొలతకు కట్టె తేవాలె."

"మా అమ్మ పసుపు పెట్టి ఇచ్చింది," అన్నాడు నాయిన. "దాన్ని కాదంటమా?"

నేను ఇంకోసారి చెప్పవలసింది. చెప్పలేదు. చెబితే ఇంటికి పోయి మళ్లీ కొలవాలంటారు, మళ్లీ రావాలంటారు, ఉగాది దాటిపోతుంది. ముప్పై అని రాసుకున్నారు.

గద్దె మార్చి పదహారున వచ్చింది, సోమవారం. మద్నూర్ పోయే లారీ మా గుమ్మం ముందు ఆగింది, వరిగడ్డిలో చుట్టిన దాన్ని ఆరుగురు దించి వంటింట్లో తూర్పు గోడకు పెట్టారు. అమ్మ పలక మీద అరచెయ్యి వేసి, చల్లగా ఉందని అందరినీ ముట్టుకోమంది. ఒకవైపు వత్తుల స్టవ్వు, ఒకవైపు బొగ్గుల కుంపటి పెట్టి ఆ రోజే పప్పు వండింది. మోకాలు పెట్టిన బాధ ఇంకా పోలేదు, ఇప్పుడు దానికి తోడు నడుము వంగింది. రెండు అంగుళాలు చిన్న విషయమే అనిపిస్తుంది కాని, పొద్దంతా వంగితే తెలుస్తుంది. బాగానే ఉందని అందరికీ చెప్పింది. మూడో రోజుకు ఒక మోచెయ్యి పలక మీద ఆనించి, ఇంకో చేత్తో గరిటె తిప్పుతుండేది.

"వదినె గీ గద్దె మీద వండుతుందా, మొక్కుతుందా?" అంది బీర్కూర్ అత్త.

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. నా వైపు మాత్రం చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు: పొయ్యి దగ్గర నా పీట సిద్ధంగా ఉంది.

ఏడో రోజు ఆదివారం. దుకాణం నుంచి ఇనుప టేపు తెచ్చి, అమ్మను నిలబెట్టి మళ్లీ కొలిచాను. నేల నుంచి అరచేతికి ముప్పై రెండు. పసుపు దారం ముప్పై. రెండూ నాయిన ముందు పెట్టి, పట్నంలో ఒక్కసారే చెప్పి ఊరుకున్నానని, రెండోసారి చెప్పకపోవడం నా తప్పని చెప్పాను. నాయిన దారం పక్కన టేపు పరిచి తానే ఇంకోసారి కొలిచాడు.

అవ్వ వచ్చి దారం తీసుకుంది. వేళ్ల మధ్య మొదలు నుంచి చివరిదాకా జార్చి చూసింది.

"ముంచింది నేను," అంది. "తడిస్తె కోరా దారం ముడుచుకుంటదని నాకు ఎర్కనే. యాభై ఏండ్ల సంది పేనుతున్న. యాదికి రాలే."

నిజంగా గుర్తు రాలేదా అని చాలా ఏళ్లు ఆలోచించాను. ఆ తర్వాత ఆమె చేసింది చూశాను కాబట్టి నమ్ముతున్నాను.

ఉగాదికి పదహారు రోజులే ఉంది. కాళ్ల కింద ఏదైనా పెట్టి లేపుదామంటే, కొత్త బట్టీ ఇటుకలు మూడంగుళాల మందం. అవి పెడితే అమ్మ భుజాలెత్తి వండాలి. మేస్త్రీ పండుగ దాటితే గాని దొరకడు. అవ్వ అంతా విని, మంగళవారం పోనియ్యమంది. బుధవారం పొద్దున స్నానం చేసి, తన జంట పొయ్యికి బొట్టు పెట్టి, దొప్పెడు పాలు పోసి, చిన్న గడ్డపారతో మట్టి తవ్వింది. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ పొయ్యిలో ఉన్నవి పాత నాటు ఇటుకలు, మందం రెండంగుళాలు, ఒకవైపు ఎర్రగా, ఒకవైపు మసిపట్టి నల్లగా. మొత్తం ఆరు. నాలుగు తీసింది. మిగిలిన రెండింటితో పొయ్యి నిలవదని ఆమెకు తెలుసు.

నలుగురు గద్దె ఒక్కో మూల ఎత్తి పట్టుకుంటే, అవ్వే కిందికి వంగి ఒక్కో ఇటుక జరిపింది. నేను టేపు పెట్టాను. నాలుగు మూలలా ముప్పై రెండు. అమ్మ వచ్చి నిలబడింది. నడుము వంగలేదు.

అవ్వ చేతులకంటిన మసి కొంగుకు తుడుచుకుంది. "ఇగ వండు. నీ బిడ్డను బడికి తోలు."

ఆ రోజు ఎసట్లో పోసే ముందు అమ్మ నాలుగు బియ్యపు గింజలు కుంపట్లో వేసింది. అవ్వ చూసి, చూడనట్టు బయటికి పోయింది.

నాయిన ఆ తర్వాత దుకాణంలో ఒక నియమం పెట్టాడు: ఎంత కావాలన్నా దారంతో వచ్చిన కొలత తీసుకోడు. కట్టె తేవాలి. కొన్నేళ్లకు బాన్సువాడ చుట్టుపక్కల తండాల నుంచి, ఊళ్ల నుంచి జనం చేతిలో కందికట్టె పట్టుకొని దుకాణానికి వచ్చేవాళ్లు, దర్వాజాకొక కట్టె, కిటికీకొక కట్టె. నన్ను మళ్లీ ప్రదర్శనకు 71లో, 73లో, 76లో తీసుకుపోయాడు. 76లో అమ్మ కూడా వచ్చింది. ప్రతి గద్దె ముందూ నిలబడి, మోచేతులు వంచి, "ఇది ఎవరి కొలత?" అని అడిగేది. తెల్ల గడ్డం ఆయనను చివరిసారి చూసింది 79లో. ఇటుకల సంగతి నాయిన చెబితే, రాయి పక్కన పెట్టి చాలాసేపు నవ్వాడు. అవ్వ 1981లో పోయింది. గ్యాస్ 1984 జూన్‌లో వచ్చింది, ఆ గద్దె మీదికే.

నిజామాబాద్ హాల్లో సామాను చూపించిన అమ్మాయి గోడ మీద ఎర్రటి చుక్క వేసే యంత్రం పట్టుకొని, అన్ని గద్దెలూ ముప్పై నాలుగు అంగుళాలే వస్తాయి మేడం, అంది. స్వాతి సరేనంటున్నది. నేను ఆమెను చెప్పులు విప్పమన్నాను. అంతమందిలో సిగ్గుపడింది గాని విప్పింది. మోచేతులు వంచి నిలబడింది. నా సంచిలోని టేపుతో కొలిచాను. ముప్పై ఒకటిన్నర. ఆ అమ్మాయి రాసుకోకపోతే, రాసుకునేదాకా నిలబడ్డాను. రెండోసారి కూడా చెప్పాను.

వచ్చే నెల పాత ఇల్లు పడగొడతారు. బావి ఎప్పుడో పూడ్చారు, దుకాణం స్థలంలో సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. కోరా దారం పేనేవాళ్లు మా వీధిలో ఎవరూ లేరు. ఆ పసుపు దారం కూడా ఏమైందో తెలియదు. దాచుకోవాలని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఇంట్లోంచి ఏం కావాలని తమ్ముడు అడిగితే, గద్దె కింది నాలుగు ఇటుకలు చాలన్నాను. నిన్న పోయి వంగి చూశాను. మసి ఇంకా పోలేదు. ముట్టుకుంటే వేలికి అంటింది.