కోట కింద సులోచనక్క

ఈ సాయంత్రం కింది ఫ్లాట్‌లో ఎవరిదో పుట్టినరోజు. కేకు కోసినట్టున్నారు, చప్పట్లు మెట్ల గోడలకు కొట్టుకుంటూ మూడో అంతస్తు దాకా వచ్చాయి. నా కూతురికి ఐదేళ్లు. నెలలు నిండకుండా పుట్టింది. కాళ్లు బిగుసుకుపోతాయని మోకాళ్ల దాకా పట్టీల బూట్లు వేసి ఉంచాలి. మంచం మీద కూర్చుని అదీ చప్పట్లు కొట్టి, "వచ్చే పుట్టినరోజుకు నేను పరిగెత్తుతానా అమ్మా?" అంది. ఉతికిన బట్టలు మడతపెట్టాలంటూ పక్క గదిలోకి తప్పుకున్నాను. అక్కడ తువ్వాలు పట్టుకుని నిలబడ్డప్పుడు సులోచనక్క గుర్తొచ్చింది. చప్పట్లు వింటే నాకు ఆమే గుర్తొస్తుంది.

డిగ్రీ అయిన ఏడాది ఫిల్మ్ నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్‌లో ఆమె దగ్గర సహాయకురాలిగా చేరాను. ఆమె గొంతు మీరు వినే ఉంటారు, ముఖం చూసి ఉండరు. తెలుగు రాని కథానాయికలకు, సినిమా రాణులకు ఇరవై ఏళ్లు మాట అరువిచ్చిన మనిషి. మైకు ముందు కోస్తా పలుకుబడి అచ్చంగా దించేది. మైకు ఆగిందంటే మళ్లీ టోలిచౌకి పిల్లే. ఒంట్లో కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు ఆమెది. నేను చేరేనాటికే చక్రాల కుర్చీలో ఉంది. కుర్చీ తోస్తూ ఒకసారి నిట్టూర్చాను. "ఏంది, బండరాళ్లు మోస్తున్నవా? రేపటి సంది జర బువ్వ తిని రా" అంది.

చేరిన కొత్తలోనే ఒక తప్పు చేశాను. తెర మీద ఒక అమ్మాయి తండ్రి శవం పక్కన కూర్చుని ఉంది. సన్నివేశం మరీ బోసిగా అనిపించి, చదవాల్సిన కాగితంలో "నాన్నా" అని ఒక మాట అదనంగా రాశాను. అక్క అక్కడికొచ్చి ఆగిపోయింది.

"ఆ పిల్ల నోరు తెరిచిందా?"

"లేదక్కా. కానీ చూస్తుంటే బాధేసి..."

"బాధ నీది. నోరు దానిది. పెదవి మూసిన కాడ మాట పెట్టకు."

ఆ తర్వాత ఎవరి సినిమాలోనూ అలా పెట్టలేదు. సినిమా బయట మాత్రం ఒకసారి పెట్టాను.

అక్క చిన్నప్పుడు వాళ్ల డాబా మీద నుంచి గోల్కొండ కోట కనిపించేదట. రోజూ కనపడేదే కదా, ఎప్పుడైనా పోవచ్చులే అనుకుందట. ఎక్కుదామనుకునేసరికి కాళ్లు పడిపోయాయి. ఒక శీతాకాలం, పనిలేని రోజున, "పోదాం పా" అంది. గేటు తెరిచే వేళకే చేరాం. లోపల రాళ్లు పరిచిన దారి. చక్రం రాతి సందులో దిగినప్పుడల్లా ఆమె తల వెనక్కి కొట్టుకునేది. నేను ఆగితే "తోయ్" అనేది. ఒక గైడు ఎదురొచ్చి జాలిగా, "గీ కుర్చీతోని పైకి పోలేరమ్మా" అన్నాడు.

"మీ సుల్తానులు నడిచి ఎక్కిండ్రా ఏంది? మోయించుకున్నరు. నాకు మోసెటోళ్లు లేరు, గంతే ఫరక్" అంది అక్క. అతను నవ్వాలో వద్దో తేల్చుకోలేక పక్కకు జరిగాడు.

గేటు దాటగానే ఒక గుమ్మటం ఉంది. దాని కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ కొసన ఉన్న దర్బారు దాకా వినిపిస్తుందంటారు. కుర్చీని సరిగ్గా దాని కింద ఆపమంది. "నువ్వు పైకి పో. పదింటికి నేను కొడ్త. ఇనపడ్డదో లేదో అచ్చి చెప్పు. నేనెట్లా రాలేను, నా సప్పుడన్న పోతదేమో చూద్దాం."

మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ చెవులు రిక్కించి నిలబడ్డాను. పది అయింది. గాలి, చిలకల అరుపులు. పది దాటి ఐదు నిమిషాలైంది. చప్పట్లు లేవు. దిగుతూ దారి పొడవునా ఏం చెప్పాలో పేర్చుకున్నాను. ఆమెను చూడగానే, "ఖంగుమని వినిపించిందక్కా! పక్కనే కొట్టినట్టుంది" అన్నాను.

అక్క తన ఒడిలోని చేతుల వైపు చూసింది.

"నేను కొట్టలే."

కుర్చీ ముందు రాళ్ల మీద కూర్చున్నాను.

"పొద్దుగాల సంది చేతులు లేస్తలేవు. పదింటికి గూడ చూసిన, లేవలే. నువ్వచ్చి ఇనపళ్లేదంటవు, అప్పుడు చెప్దామనుకున్న, చేతులు గూడ పోతున్నయని. గది చెప్పెతందుకే ఇంత దూరం తీస్కొచ్చిన నిన్ను. నువ్వు చెప్పనియ్యకపోతివి."

తిరుగు దారిలో చక్రాలు మళ్లీ రాళ్లలో దిగాయి. ఈసారి "తోయ్" అనలేదు. నేనే తోశాను.

ఆరు నెలలకు జబ్బు ఊపిరి దాకా వచ్చింది. అప్పుడొక రాణి పాత్రకు డబ్బింగ్ చెబుతోంది. రికార్డు చేసింది విని దర్శకుడు బాగుందన్నాడు. గదిలో అందరూ అదే అన్నారు. అక్క అందర్నీ టీకి పంపి నన్ను ఉండమంది.

"చెప్పు."

"వాక్యం చివర మాటలు పడిపోతున్నాయక్కా. వినపడటం లేదు."

"ఎన్ని?"

"చాలా."

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. కోపం ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. "శ్రీనగర్ కాలనీల ఉంటదే ఆ డబ్బింగ్ పిల్ల, దాన్ని పిలువు. మొదటి సంది చెప్పియ్యి" అంది. మళ్లీ మైకు ముందుకు రాలేదు. వానాకాలంలో పోయింది. ఆ రోజు నేనూ బాగుందని ఉంటే ఇంకొక సినిమా చెప్పేదేమో. ఆ ఒక్కటి నేనే లాగేశానని కొన్ని రాత్రులు అనిపిస్తుంది. చెప్పకుండా ఉండాల్సిందని మాత్రం అనిపించదు.

తువ్వాలు మడతపెట్టి వెనక్కి వచ్చాను. పాప ఇంకా మేలుకునే ఉంది.

"తెలియదమ్మా" అన్నాను. "డాక్టరుకూ తెలియదు. పరిగెత్తలేకపోవచ్చు."

"మరి మొన్న పరిగెత్తుతావన్నావు?"

"అబద్ధం చెప్పాను."

ఏడుస్తుందని చేయి చాచాను. ఏడవలేదు. దుప్పటి అంచును వేలికి చుట్టుకుంటూ, నా ముఖంలోకి చూడకుండా అంది: "రాత్రిపూట కాళ్లు నొప్పి పుడతాయి. రోజూ. నువ్వు ఏడుస్తావని చెప్పలేదు."

"ఎక్కడ?" అన్నాను.

చూపించింది.