ఏడు లేని పాటలు

ముందు పోయినవి చెబుతాను. రేకు అంకెలు తొమ్మిది, తొమ్మిదీ ఏడులే. వాటి వెంట యాభై ఏడు పాటలు. గుడి ఆవరణలో ఒక ఒంటరి ఆడమనిషి తల దాచుకునే గది ఒకటి. ఇవన్నీ మా కథీడ్రల్‌లో ఒక క్రిస్మస్‌కూ ఆ తర్వాతి పాస్కా పండుగకూ, అంటే ఈస్టర్‌కూ, మధ్య పోయాయి. తొంభైల చివరి మాట. ఆ ఏడు వాన కూడా పోయింది కానీ దాన్ని ఈ లెక్కలో కలపను. దాన్ని ఎవరూ దాచిపెట్టలేదు.

రేకు అంకెలంటే ఏమిటో చెప్పాలి. మా గుడిలో పీఠానికి ఎడమ పక్కన గాయక బృందం కూర్చుంటుంది. వాళ్ల ముందు హార్మోనియం. కుడి పక్క స్తంభానికి ఒక చెక్క బోర్డు ఉండేది. దానికి అయిదు వరుసల మేకులు. పూజలో పాడబోయే అయిదు పాటల నెంబర్లను రేకు ముక్కలతో ఆ మేకులకు తగిలించాలి. తెల్ల రంగు మీద నల్ల అంకెలు, ఒక్కో అంకెకు తొమ్మిది రేకులు. పాటల పుస్తకంలో మూడు వందల పాటలు. జనం బోర్డు చూసి పుస్తకం తిప్పుకునేవాళ్లు. బృందానికి పుస్తకం అక్కర్లేదు, నెంబరు కనబడితే చాలు, పాట గొంతులోకి వచ్చేది.

నా గొంతు పాటకు పనికిరాదని బృందంలో చేరిన మొదటి నెలలోనే తేల్చేశారు. పంపించెయ్యలేక నెంబర్లు పెట్టే పని ఇచ్చారు. నేను చదివింది అయిదో తరగతి. తర్వాత లెక్కలన్నీ శనక్కాయల మిల్లులో బస్తాలు లెక్కపెడుతూ నాకు నేనే నేర్చుకున్నాను. శనివారం సాయంత్రం విచారణ గురువు అయిదు నెంబర్లు చెప్పేవారు. ఆయన్ను మేం స్వామి అంటాం. అంకెలున్న బిస్కెట్ల డబ్బా పీఠం వెనక గదిలో ఉండేది. ఆ గది తాళంచెవి గుడి ఊడ్చే అక్క దగ్గర ఉండేది. భర్త పోయాక ఆమెకు స్వామి ఆవరణలోనే ఒక చిన్న గది ఇచ్చారు. ఆమెకు వేరే ఇల్లు లేదు.

క్రిస్మస్ దాటిన ఆదివారం పూజకు బిషప్‌గారు వచ్చారు. ప్రవేశ గీతానికి నేను 87 తగిలించాను. అది బాలయేసు పాట. హార్మోనియం మాస్టరు 81 ఎత్తుకున్నారు. అది సమాధి దగ్గర పాడేది. ఆడవాళ్లు రెండు మాటలు పాడి ఆపేశారు, మగవాళ్లు ఆపలేదు. బిషప్‌గారు నడవ మధ్యలో ఆగి, శవపేటిక ఎక్కడుందా అన్నట్టు అటూ ఇటూ చూశారు.

పూజ అయ్యాక అందరూ నా మీద పడ్డారు.

“రేకు వంకరగా వేలాడతాండాది. దాన్ని ఏమని చదవల్ల?” అన్నారు మాస్టరు.

“బస్తాల మీద నెంబర్లేసినట్టు కాదప్పా గుడి అంటే,” అన్నాడు సంఘం పెద్ద.

ఈ పెద్దమనిషికి నీళ్ల ట్యాంకర్ల వ్యాపారం. ఎండాకాలం గుడికి వారానికి రెండు ట్యాంకర్లు ఊరికే తోలేవాడు. అందుకని స్వామి కూడా ఆయన మాటకు అడ్డం చెప్పేవారు కాదు.

నేను వెళ్లి చూశాను. రేకు నిటారుగానే ఉంది. అయినా మాస్టరు చూపును అనుమానించాలని ఎవరికీ తోచలేదు. ఆయన గుంతకల్లు డివిజన్‌లో ముప్పై ఏళ్లు రైలు నడిపి రిటైరైనవారు. “మైలు దూరం నుంచి సిగ్నలు చూసిన కండ్లు ఇవి” అని ఆయన అంటే మేం నవ్వేవాళ్లం కాదు, నమ్మేవాళ్లం. నేను మేకులన్నీ సుత్తితో సరిచేసుకున్నాను.

ఆ తర్వాత ఏడులు పోవడం మొదలైంది. వారానికి ఒకటి, ఒక్కోసారి రెండు. మొదట కింద పడి ఉంటాయని బెంచీల కింద వెతికాను. పాస్కాకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యేసరికి డబ్బాలో ఒక్క ఏడు కూడా లేదు. మిగతా అంకెలు మాత్రం దేనికి దానికి తొమ్మిదేసి ఉన్నాయి.

“ఏడు లేని పాట చెప్పండి స్వామీ,” అని శనివారం శనివారం అడగాల్సి వచ్చేది.

స్వామి కోస్తా నుంచి వచ్చినవారు, నెమ్మదస్తులు. “ఏడు లేని పాటలు ఎన్నుంటాయోయ్?” అన్నారు ఒకసారి.

అప్పటికే లెక్క వేసి ఉంచాను. వందకు పంతొమ్మిది నెంబర్లలో ఏడు ఉంటుంది. మూడు వందలకు యాభై ఏడు. అన్ని పాటలు గుడిలో వినబడకుండా పోయాయి. తపస్సు కాలంలో ముసలివాళ్లు ఏడ్చుకుంటూ పాడే 127 కూడా అందులో పోయింది.

డబ్బా దగ్గరికి వెళ్లగలిగేది ఎవరెవరు? ఊడ్చే అక్క ఒకరు. బెంగళూరులో కీబోర్డు నేర్చుకుని వచ్చిన యువకుడు ఇంకొకరు. బోర్డు తీసేసి తెర మీద పాటలు వెయ్యమని అతను స్వామి చెవిలో పోరుతూ ఉండేవాడు. మూడో మనిషిని నేను. బృందంలో ఒకామె నా మొహం మీదే అడిగింది, “ఆ పొద్దు తిట్టినారని నువ్వే దాచినావా ఏమన్నా?” అని. నేను కాదని నాకు తెలుసు కాబట్టి మిగతా అందర్నీ అనుమానించే పని నాకు మిగిలింది. వాన లేక ఆ సంవత్సరం మిల్లు నెలకు పది రోజులు కూడా తిరగలేదు, తీరిక ఎక్కువ. పూజలో ఎవరి మొహమూ చూసేవాణ్ని కాదు, చేతులు చూసేవాణ్ని. సత్ప్రసాదానికి వరుసలో వెళ్లేవాళ్ల జేబులు చూసేవాణ్ని. ఒకసారి కీబోర్డు యువకుడు జేబులోంచి తెల్లటిదేదో తీస్తే ప్రాణం లేచొచ్చింది. చూస్తే జేబురుమాలు.

చివరికి ఒక అట్టపెట్టె చింపి నేనే ఒక ఏడు కత్తిరించి రంగు వేశాను. అది పోలేదు. ఒక వారం, రెండు వారాలు, నాలుగు వారాలు. మేకుకు తగిలించింది తగిలించినట్టే ఉంది.

సంఘం పెద్దకు అదే దొరికింది.

“చూసినారా స్వామీ? అట్టను ముట్టలేదు. రేకయితే పాత సామాన్లోడు దుడ్లిచ్చి కొంటాడు. అట్టనెవడు కొంటాడు? తాళంచెవి ఎవురి దగ్గర ఉండాది?”

“రేకు కోసమయితే మిగతా అంకెలూ రేకులే కదన్నా?” అన్నాను నేను.

“దొంగకు నీ మాదిరి లెక్కలొస్తాయా ఏమప్పా?” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

ఆ ఆదివారం పూజ అయ్యాక స్వామి, సంఘం పెద్ద, ఉపదేశి ముగ్గురూ ఆమె గదిలోకి వెళ్లారు. ఉపదేశి అంటే పిల్లలకు జపాలు నేర్పే ఆయన. దొరికితే లెక్క చూసుకోవాలని నన్నూ పిలిచారు. నేను గడపలో నిలబడ్డాను. పెట్టెలో రెండు చీరలు, భర్త ఫోటో, రేషన్ కార్డు, ఒక జపమాల, గుడ్డలో కట్టిన శనక్కాయలు ఉన్నాయి. మూట విప్పి కాయలు కూడా నేల మీద పోసి చూశారు.

“ఎత్తుకపోయేదాన్నయితే అన్నీ ఎత్తుకపోదును గదా సామీ. ఏడు మీద నాకేం పగ?” అంది ఆమె.

“యాడ దాచినావో చెప్తే సరిపోతాది,” అన్నాడు పెద్ద.

“నాకు అంకెలే రావు. ఏది ఏడో నువ్వే చూపిచ్చు, దాస్తాను.”

ఏమీ దొరకలేదు. అయినా తాళంచెవి తీసుకున్నారు. పాస్కా పండుగ దాటాక గది ఖాళీ చెయ్యమన్నారు. “పండగ దాకా ఎందుకు?” అని ఆమె మరునాడే పెట్టె సర్ది, గదికి తన సొంత తాళం వేసి, రాప్తాడులో చెల్లెలింటికి వెళ్లిపోయింది. చెల్లెలిది ఒంటి గది, అందులో అప్పటికే అయిదుగురు. ఊడ్చే పని మాత్రం మానలేదు, రోజూ బస్సులో వచ్చి పోయేది. గది ఖాళీ అయితే తన ట్యాంకర్ డ్రైవర్ను అందులో పెట్టాలని పెద్దకు ఉందని అప్పుడే విన్నాను. ఎంత నిజమో నాకు తెలియదు. కానీ విన్నాక ఆ మాట నన్ను వదల్లేదు.

పాస్కా పండుగకు స్వామి 277 కావాలన్నారు. దానికి రెండు ఏడులు కావాలి, నా దగ్గర ఒకటే ఉంది. ఆ శనివారం మిల్లులో పని పడటంతో ఇంకొకటి కత్తిరించమని ఉపదేశికి చెప్పాను. చక్కగా కత్తిరించి ఇచ్చాడు. సాయంత్రం రెండూ తగిలించాను. మరునాడు పొద్దున చూస్తే నాది ఉంది, ఆయనది లేదు.

తాళంచెవి స్వామి దగ్గర ఉంది. రాప్తాడు నుంచి అక్క వచ్చే బస్సు ఇంకా రాలేదు. పోయింది అట్ట. అంటే రేకు మాట అబద్ధం, ఆమె మీద వేసిన నింద అబద్ధం. ఇక మిగిలింది ఒకటే, రెండు అట్టలకూ ఉన్న తేడా. మిల్లులో మేం ఏడు నడుముకు ఒక అడ్డగీత పెడతాం, సిరా చెదిరినా ఒకటిలాగా కనబడకూడదని. నేను చెయ్యి అలవాటు కొద్దీ ఆ గీత పెట్టాను. ఉపదేశి పెట్టలేదు.

నేను వెళ్లి హార్మోనియం ముందు కూర్చుని బోర్డు వైపు చూశాను. నా కళ్లకు అన్నీ బాగానే కనబడ్డాయి. ఎవరి కళ్లకు కనబడవన్నదే ప్రశ్న. 87కు బదులు 81 ఎందుకు మోగిందో అప్పుడు తెలిసింది.

ఆ వారంలో ఒక సాయంత్రం మాస్టరు ఒక్కరే హార్మోనియం తుడుస్తున్నారు. నేను గీత లేని ఏడొకటి కత్తిరించుకుని వెళ్లి, బోర్డుకు 17 తగిలించాను.

“మాస్టరూ, ఇది ఏ పాట?”

మాస్టరు మెడ ముందుకు చాచి చూశారు. “నన్ను పరీక్ష చేస్తాండావా?”

“లేదు, పాట అడుగుతాండా.”

“పదకొండు.”

ఆ ఏడు తీసి గీత ఉన్నది పెట్టాను. “ఇప్పుడు?”

“పదిహేడు,” అన్నారు వెంటనే. తర్వాత గుడ్డ పక్కన పెట్టారు. “నా కండ్లు కాదప్పా, నీ ఏడే సరిగా లేదు. నడుముకు గీత ఉంటే ఎవురికైనా తెలుస్తాది.”

హార్మోనియం పెట్టె మూత ఎత్తి, లోపల పరిచిన గుడ్డ కిందనుంచి చేతిరుమాలు మూట తీశారు. తొమ్మిది రేకులు, ఒక అట్ట. నా డబ్బా కన్నా భద్రంగా ఉన్నాయి. పీఠం వెనక గదిలోనే హార్మోనియం పెట్టేవాళ్లం, అయినా ఆయన్ను నేను అనుమానం లెక్కలో వెయ్యలేదు. పూజకు ముందు అందరికన్నా మొదట వచ్చి తీసేవారట.

“ఆ కీబోర్డోడు నా పక్కనే నిలబడి చూస్తాంటాడు. ఇంకోసారి సావు పాట ఎత్తుకుంటే నన్ను లేపి వాన్ని కూర్చోబెడతారు.”

“ఆమె పెట్టె ఎతికేటప్పుడు చెప్పిండల్ల కదా మాస్టరూ?”

“చెప్దామనే వచ్చినా. అప్పటికే పెద్దాయన తేల్చేసినాడు.”

నేను ఆ మాట నమ్మలేదు. నమ్మకూడదనీ కాదు. ఆ రోజు గది ముందు నిలబడ్డవాళ్లలో ఆయన ఉన్నారా అని ఇప్పటికీ గుర్తు చేసుకుంటూ ఉంటాను, ఆయన మొహం కనబడదు.

ఇద్దరం కలిసి స్వామి దగ్గరికి వెళ్లాం. స్వామి మాస్టర్ను ఒక్క మాట అనలేదు. తొమ్మిది రేకులకూ ఎర్ర రంగుతో నడుముకు గీత పెట్టించారు. మాస్టరు ఇంకో రెండేళ్లు వాయించారు. తర్వాత కీబోర్డే వచ్చింది.

మేం స్వామి దగ్గరికి వెళ్లిన మరునాడు పొద్దున ఊడ్చే అక్క బస్సు దిగగానే స్వామి ఆమెను పిలిచి, జరిగింది చెప్పి, గదిలోకి వచ్చెయ్యమన్నారు. ఆమె చీపురు కిందపెట్టి వేళ్ల మీద లెక్కపెట్టింది. అంకెలు రావన్న మనిషి.

“ముగ్గురు లోపలికొచ్చి నా పెట్టె ఎతికినారు. ఈయప్ప గడపలో నిలబడినాడు, ఈయప్పది సగం. అంతా మూడున్నర. ఆదివారం జనమంతా ఉన్నప్పుడు నా గది ముందరికొచ్చి, ఈమె తియ్యలేదు అని చెప్పల్ల. లెక్క తీరినాక గదిలోకొస్తా.”

“మరి మాస్టరు?” అన్నాను.

“ఆయప్ప నా గడప తొక్కలేదు కదా. ఆయప్పతో నాకేం లెక్క?”

ఆ ఆదివారమే స్వామి వెళ్లి చెప్పారు, చేతులు కూడా జోడించారు. ఉపదేశి చెప్పాడు. నేనూ చెప్పాను. “సగానికి అంత గట్టిగా అరిసే పన్లేదప్పా,” అంది ఆమె.

సంఘం పెద్ద వచ్చే వారం చూద్దామన్నాడు. తర్వాత, “నేను అనుమానం చెప్పినా గానీ దొంగ అన్లేదు,” అన్నాడు. ఇంతలో ఎండాకాలం ముదిరింది, ఆవరణలో బోరు ఎండిపోయింది, ట్యాంకర్లు కావాల్సి వచ్చాయి. స్వామి ఆయన్ను మళ్లీ అడగలేదు. ఆ తర్వాత స్వామి బదిలీ అయిపోయారు.

కొత్తగా వచ్చిన ఇద్దరు స్వాములూ గదిలోకి రమ్మని ఆమెను పిలిచారు. ఒకరు సౌండు బాక్సులు పెట్టుకుంటామని తాళం అడిగారు. లెక్క తీరలేదని ఆమె ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. తలుపు కింద చెద పట్టింది. చెల్లెలింట్లో ఇప్పుడు ఎనిమిది మంది. ఆమె వసారాలో పడుకుంటుందని విన్నాను. పొద్దున బస్సులో వస్తుంది, గుడి ఊడుస్తుంది, మధ్యాహ్నం బస్సులో వెళ్లిపోతుంది. సంఘం పెద్ద ప్రతి ఆదివారం ముందు బెంచీలోనే కూర్చుంటాడు. పూజ అయ్యాక పక్క తలుపులోంచి వెళ్తాడు. ఆ దారిలో ఆమె గది రాదు.

మూడున్నరలో రెండున్నర తీరాయి. ఒకటి ఇప్పటికీ బాకీ.