కత్తెర పాట

ఇది రాసిపెట్టకపోతే తప్పు ఎవరిదో తెలిసినవాళ్ళు మిగలరు. తప్పు నాదే.

మా ముత్తాతలు షోలాపూర్ వైపు నుంచి కుట్టుపని వెతుక్కుంటూ బెజవాడ వచ్చారు. పటమటలో ఇప్పటికీ మమ్మల్ని మరాఠీ టైలర్లంటారు. మా ఇంటి మరాఠీలో సగం తెలుగే. నాయనమ్మను మాత్రం ఆజీ అని పిలిచేవాళ్ళం.

మా ఇళ్ళల్లో పెళ్ళయిన మర్నాడు భవానీ అమ్మవారిని పాటతో పిలవాలి. షోలాపూర్ వైపు దానికి వేరే పాటగాళ్ళుంటారు. ఇక్కడ దొరకరు గనుక మావాళ్ళందరి పెళ్ళిళ్ళలోనూ మా ఆజీయే ఇత్తడి పళ్ళెం మీద బట్టలు కోసే కత్తెరతో తాళం వేస్తూ పాడేది. ఆజీ పాటలో తుళజాపూర్ భవానీ తర్వాత బెజవాడ దుర్గమ్మ కూడా వచ్చేది.

నేను పదో తరగతితో బడి మానేశాను. మిగిలిందంతా లైబ్రరీలో చదువుకున్నదే, ఆ గర్వం నాకుంది. అక్కడే మా ఆచారాల మీద ఒక పుస్తకం దొరికింది. అందులో కత్తెర లేదు, దుర్గమ్మా లేదు. సిగ్గేసింది. అక్క పెళ్ళికి షోలాపూర్ నుంచి అసలు పాటగాళ్ళను రప్పించాను.

గంటసేపు పాడారు. భోజనాల్లో గోంగూర చూసి ఒకాయన నవ్వాడు. "మీరేం మరాఠీలండీ! అచ్చం ఆంధ్రావాళ్ళు!"

ఆజీ నా చెయ్యి పట్టుకుంది. "కొండమీదమ్మని పిలవలేదేంరా? ఊళ్ళోనే ఉందిగా ఆవిడ."

"పుస్తకంలో లేదు ఆజీ."

"ఆ పుస్తకం రాసినాయన బెజవాడలో ఒక్క జాకెట్టన్నా కుట్టాడా?"

"మన పద్ధతి తప్పు. ఇంక పాడకు," అన్నాను, అందరి ముందూ.

కత్తెరను కొంగుతో తుడిచి మిషను సొరుగులో పెట్టేసింది. తర్వాత మావాళ్ళెవరు పెళ్ళికి పాడమని పిలిచినా, "మా మనవడు చదువుకున్నాడు, వాణ్ణడగండి," అనేది. మూడేళ్ళకు పోయింది.

వచ్చే నెల అక్క కూతురి పెళ్ళి. "షోలాపూర్ వాళ్ళొద్దు మావయ్యా. మన కత్తెర పాటే కావాలి," అంది. మా పిల్లలందరూ ఇప్పుడదే అడుగుతున్నారు. లైబ్రరీ అంతా గాలించాను. ఏ పుస్తకంలోనూ లేదు.

మొదటి రెండు చరణాలు చెప్పిన అక్కకు, మూడోది సగం చెప్పిన హనుమాన్ జంక్షన్ అత్తకు, ఆ పాట కోసం కొండపల్లిలో మావాళ్ళ ఇల్లిల్లూ నాతో తిరిగిన బాబాయికి కృతజ్ఞతలు. పేర్లు వద్దన్నారు. ముగ్గురి సాయంతోనూ దుర్గమ్మ వచ్చే చరణం దాకా వెళ్ళలేకపోయాను.